అయిదు బ్యాండ్ల హెక్స్ బీమ్: పైకెత్తడం, కొలవడం – నా అనుభవం

కొత్త బీమ్ (ఒక వైపుకే గురిపెట్టే యాంటెన్నా) ఎక్కించిన హ్యామ్ (సరదాకు రేడియో స్టేషన్ నడిపే మనిషి) ఎవరిని అడిగినా మొదటి వారంలో చెప్పే మాట ఒకటే: "సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది." ఆ వారం అయనోస్ఫియర్ (రేడియో తరంగాలను తిరిగి నేలకు వంచే పై వాతావరణ పొర) బాగుండి అలా అనిపించిందా, నిజంగా యాంటెన్నా వల్లేనా అన్నది మాత్రం ఎక్కువమంది చెప్పలేరు. పోల్చడానికి పాతది అప్పటికే దించేసి ఉంటారు. నేను బీమ్ పెట్టాలనుకున్నప్పుడే ఒకటి గట్టిగా అనుకున్నాను. పాత డైపోల్‌ను (మధ్యలో కేబుల్ కలిపిన మామూలు తీగ యాంటెన్నాను) దించకూడదు. రెండూ ఒకేసారి గాల్లో ఉండాలి, రెండు కేబుళ్లూ ఒకే స్విచ్ దగ్గరికి రావాలి, ఏది ఎంత మేలో ఆ స్విచ్ తిప్పి తేల్చుకోవాలి. ఇక్కడ రాస్తున్నదంతా ఆ స్విచ్ చెప్పిందే.

ముందు, హెక్స్ బీమే ఎందుకు? దిశ ఉన్న యాంటెన్నాల్లో అందరికీ తెలిసినది యాగి. 1926లో జపాన్‌లోని తోహోకు విశ్వవిద్యాలయంలో షింటారో ఉడా, హిడెత్సుగు యాగి దాని గురించి మొదట రాశారు. 1928లో యాగి ఇంగ్లిష్‌లో వ్యాసం వేయడంతో పేరు ఆయనదే నిలిచిపోయింది. అసలు శ్రమ చాలావరకు ఉడాది కాబట్టి నేను యాగి-ఉడా అనే అంటాను. అందులో మనం కేబుల్ కలిపే ఎలిమెంటు (కడ్డీ లేదా తీగ) ఒకటి, దాని వెనక కాస్త పొడవైన రిఫ్లెక్టరు. రిఫ్లెక్టరుకు మనం వైరు కలపం. ముందున్న ఎలిమెంటు ప్రభావంతో అందులో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు ఫేజు వల్ల వెనక్కి పోవాల్సిన శక్తి ముందుకు మళ్లుతుంది. యాంటెన్నా కొత్తగా శక్తిని పుట్టించదు, ఉన్నదాన్నే ఒక వైపుకు పోగు చేస్తుంది.

చిక్కల్లా బ్యాండ్ల దగ్గరే. 14 మెగాహెర్ట్జ్‌కి అర తరంగం పదిన్నర మీటర్లు, 28 మెగాహెర్ట్జ్‌కి అందులో సగం. ఒకే బీమ్ రెండు చోట్లా పనిచేయాలంటే ఏదో ఉపాయం కావాలి. ట్రాప్ బీముల్లో ఎలిమెంటు మధ్యలో కాయిల్, కెపాసిటర్ కలిపిన ట్రాప్ ఉంటుంది. పై బ్యాండులో అది తలుపు మూసినట్టు అడ్డం పడుతుంది, కింది బ్యాండులో కాయిల్‌లా పనిచేసి ఎలిమెంటు పొడవును తగ్గిస్తుంది. ఏళ్లుగా నిలిచిన పద్ధతే, కానీ ప్రతి ట్రాపూ కొంత శక్తి తింటుంది. పైగా మామూలు ట్రాప్ బీములు 20, 15, 10 మీటర్లకే (14, 21, 28 మెగాహెర్ట్జ్). 1979 ప్రపంచ రేడియో సమావేశంలో మనకు దక్కిన 18, 24 మెగాహెర్ట్జ్ (17, 12 మీటర్ల) బ్యాండ్లు వాటిలో ఉండవు. నాకు 17 మీటర్ల బ్యాండంటే ప్రాణం. పోటీల గోల లేకుండా తీరిగ్గా మాట్లాడుకునే బ్యాండది. దాన్ని వదులుకోవడం నాకిష్టం లేదు. లాగ్ పీరియాడిక్ అనే మరో రకం బీమ్ అయితే అన్నిటికీ వస్తుంది కానీ బూమ్ (ఎలిమెంట్లను మోసే గొట్టం) పొడవు, బరువు నా స్తంభానికి మించినవి. తీగ చతురస్రాలతో చేసే క్వాడ్ గాలికి ఆగదని చాలామంది చెప్పారు.

హెక్స్ బీములో ఆరు ఫైబర్‌గ్లాస్ గొట్టాలు మధ్య పళ్లెం నుంచి ఆరు వైపులకూ వెళ్లి, తాళ్ల బిగువుకు పైకి వంగుతాయి. గాలికి తిరగబడిన గొడుగులా ఉంటుంది చూడ్డానికి. ఎలిమెంట్లన్నీ రాగి తీగలే. ఒక్కో బ్యాండుకు ఒక్కో జత: ముందు వైపు రెండు గొట్టాల వెంట వెళ్లి అంచు దగ్గర వెనక్కి మలుపు తిరిగే ఎలిమెంటు ఒకటి, మిగిలిన నాలుగు గొట్టాల చుట్టూ తిరిగే రిఫ్లెక్టరు ఒకటి. 20 మీటర్లది అన్నిటికన్నా పైన, బయటి అంచున ఉంటుంది. 10 మీటర్లది కింద, మధ్యకు దగ్గరగా ఉంటుంది. ట్రాపుల్లేవు. కేబుల్ ఒక్కటే. 20 మీటర్లకు నిండు సైజు యాగి తిరగాలంటే అయిదు మీటర్లకు పైగా వ్యాసార్థం కావాలి, దీనికి సుమారు మూడున్నర మీటర్లు చాలు. బరువు పది పన్నెండు కిలోలు. తీగలు మడిచినందుకు లాభం (ఒక వైపుకు సిగ్నల్‌ను ఎంత పెంచుతుందన్నది) కొంత తగ్గుతుంది. అది తెలిసే ఎంచుకున్నాను.

జాగా చూడ్డంలో తొందరపడలేదు. మొదటి ప్రశ్న కరెంటు తీగలు. స్తంభం పడితే ఎటు పడుతుంది, యాంటెన్నా అంచుతో కలిపి ఎంత దూరం వస్తుంది అని నేలమీద తాడు పరిచి కొలిచాను. ఆ గీత లోపల కరెంటు లైను ఉంటే ఆ చోటు వదిలేయాల్సిందే, మరో మాట లేదు. రెండో ప్రశ్న ఎత్తు. నేలకు సమాంతరంగా ఉన్న యాంటెన్నా సిగ్నల్ ఏ కోణంలో పైకి లేస్తుందన్నది నేల నుంచి ఎత్తును బట్టి ఉంటుంది. లెక్క సులువే: తరంగ దైర్ఘ్యాన్ని ఎత్తుకు నాలుగు రెట్లతో భాగిస్తే వచ్చేది ఆ కోణం సైన్ విలువ. నాకు వీలైన ఎత్తు 12 మీటర్లు. ఆ ఎత్తులో 20 మీటర్ల బ్యాండుకు కోణం 26 డిగ్రీల దాకా వస్తుంది, 15 మీటర్లకు 17, 10 మీటర్లకు 13 లోపు. దూర దేశాలకు తక్కువ కోణం మేలు. అంటే అదే బీమ్, అదే స్తంభం మీద, 10 మీటర్లలో ఒకలా 20 మీటర్లలో ఒకలా ప్రవర్తిస్తుందని పైకెత్తకముందే తెలిసిపోయింది. కొనేటప్పుడు కాగితం మీద చూపించే లాభం అంకెల కన్నా ఈ చిన్న లెక్క నాకు ఎక్కువ ఉపయోగపడింది.

బిగించే పని నేలమీదే, తీరిగ్గా చేశాను. గొట్టాలు వంచడానికి బలం అక్కర్లేదు, వరస కావాలి. ఎదురెదురుగా ఉన్న జతల్ని ముందు తాడుతో వంచాలి. లేకపోతే మధ్య స్తంభం ఒక పక్కకు లాక్కుపోతుంది. తీగల పొడవు విషయంలో ఒకటి బాగా గుర్తుంచుకోవాలి. ప్లాస్టిక్ తొడుగున్న తీగ, ఒట్టి రాగి తీగ ఒకే కొలతకు పనికిరావు. తొడుగు వల్ల తరంగం కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి తొడుగున్న తీగను కొంచెం పొట్టిగా కోయాలి. ఈ తేడా రెండు మూడు శాతమే అయినా 14 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు మొత్తం బ్యాండు వెడల్పంత. కొలతల పట్టిక ఏ తీగకు రాశారో చూడకుండా కత్తెర పట్టుకోకూడదు.

ఇంకో సున్నితమైన చోటు ఎలిమెంటు కొసకూ రిఫ్లెక్టరు కొసకూ మధ్య ఖాళీ. అక్కడ తీగ ఉండదు, తాడు ముక్కే ఉంటుంది. ఆ తాడు పొడవే రెండు ఎలిమెంట్లు ఎంత గట్టిగా కలవాలో నిర్ణయిస్తుంది. అది సాగితే వెనక వైపు అణచివేత (వెనకనుంచి వచ్చే సిగ్నల్‌ను తగ్గించే గుణం) చెడుతుంది. అందుకే సాగని, ఎండకు పాడవని పాలియెస్టర్ తాడు వాడాను. ప్రతి ముక్కనూ బిగించాక మళ్లీ టేపుతో కొలిచాను. నైలాన్ తాడు చేతికి గట్టిగానే తగులుతుంది కానీ తడిస్తే సాగుతుంది, ఇక్కడికి పనికిరాదు.

కేబుల్ యాంటెన్నాకు కలిసే చోట ఫెరైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీలాంటి పదార్థం) రింగు మీద కేబుల్ చుట్టలు చుట్టి చోక్ పెట్టాను. చాలామంది ఇది మానేస్తారు, ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తి ఎంత తిరిగొస్తోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ తిరిగిరానట్టు) బాగానే ఉంది కదా అని. చోక్ లేకపోతే కేబుల్ బయటి తొడుగు మీద కూడా కరెంటు పారుతుంది, అప్పుడు కేబులే ఒక యాంటెన్నా అవుతుంది. దానికి దిశ లేదు. మనం ఎంతో కష్టపడి వెనక వైపు మూసిన తలుపును అది పక్కనుంచి తెరిచేస్తుంది. ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, చార్జర్ల నాయిస్‌ను కూడా అదే లోపలికి మోసుకొస్తుంది. బీమ్ కొనే డబ్బుతో పోలిస్తే చోక్ ఖర్చు ఏపాటిది?

కేబుల్‌లో కూడా నేను రాజీపడలేదు. ముప్ఫై మీటర్ల పొడవుకు ఆర్‌జీ-213 అయితే 28 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక డెసిబెల్‌కు (శక్తి తేడాను చెప్పే కొలత, పది డెసిబెల్స్ అంటే పది రెట్లు) కాస్త పైన పోతుంది. సన్న ఆర్‌జీ-58 అయితే రెండున్నర దాకా పోతుంది, అంటే పంపిన శక్తిలో నలభై శాతానికి పైగా దారిలోనే వేడిగా మారిపోతుంది. బీమ్ ఇచ్చే లాభమే నాలుగైదు డెసిబెల్స్ అయినప్పుడు అందులో సగం కేబుల్‌కు ధారపోయడంలో అర్థం లేదు. కనెక్టర్ల మీద తనలో తాను కలిసిపోయే రబ్బరు టేపు చుట్టి, పైన మామూలు టేపు చుట్టాను. నీళ్లు కనెక్టర్ వైపు జారకుండా కేబుల్‌కు కింద ఒక వంపు వదిలాను.

పైకెత్తే ముందు ఒకసారి నేలకు మూడు మీటర్ల ఎత్తులో నిలబెట్టి నానోవీఎన్ఏతో చూశాను. అరచేతిలో పట్టే ఈ ఎనలైజర్ వచ్చాక మనలాంటివాళ్ల పని చాలా మారింది. కాకపోతే దాన్ని ఓపెన్, షార్ట్, లోడ్ అనే మూడు ముక్కలతో కేబుల్ చివరనే క్యాలిబ్రేట్ చేయాలి, లేకపోతే అది కేబుల్‌ను కూడా కలిపి కొలుస్తుంది. ఎస్‌డబ్ల్యూఆర్ గ్రాఫులో అయిదు బ్యాండ్లకూ అయిదు లోయలు కనిపించాయి. అన్నీ అనుకున్న చోటు కన్నా కొంచెం కిందే ఉన్నాయి. నాకు టెన్షన్ కలగలేదు. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు రెజొనెన్స్ (యాంటెన్నా సహజంగా పలికే ఫ్రీక్వెన్సీ) కిందికి జారుతుంది, ఎత్తితే పైకి వస్తుంది. ఈ దశలో తీగలు కోయడం మొదలుపెడితే పైకి వెళ్లాక అన్నీ హద్దు దాటిపోతాయి. ఇక్కడ చూడాల్సింది అయిదు లోయలూ ఉన్నాయా, ఎక్కడైనా ఒకటి తప్పిపోయిందా అన్నదే. అది తప్పితే ఏదో టెర్మినల్ వదులై ఉంటుంది.

ఎక్కించిన రోజు గాలి లేని ఉదయం చూసుకున్నాం. పైన ఒకరే, బెల్టు, హెల్మెట్‌తో. ఆ స్తంభం కింద ఎవరూ నిలబడకూడదు, ఎందుకంటే పైనుంచి జారిన స్పానర్ ఎవరినీ చూసి పడదు. ఆజ్ఞలు ఒకరి నోటి నుంచే రావాలి. మాలో పెద్దాయన, ఎన్నో స్తంభాలు ఎక్కి దిగిన మనిషి, నేలమీద ఎడంగా నిలబడి ఆ పని తీసుకున్నారు. "నేను ఆపమన్నప్పుడు ఆపండి, ఎందుకని తర్వాత అడగండి బాబూ" అని ముందే చెప్పారు. సగం ఎత్తులో ఒక గొట్టం స్తంభాన్ని పడకుండా పట్టే గై తాడులోకి దూరబోతుంటే ఆయన అలాగే ఆపమన్నారు, అందరం ఉన్నచోటే ఆగిపోయాం. పక్కతాడు లాగి విడిపించాక పని ముందుకు సాగింది. హెక్స్ బీమ్ తేలికే, కానీ అన్ని వైపులా చాచుకుని ఉంటుంది, దారిలో ఉన్న ప్రతిదానికీ తగులుకుంటుంది. అందుకే పై వరస గై తాళ్లను యాంటెన్నా పైకి చేరాక బిగించేలా ముందే ఏర్పాటు చేశాం. గై తాళ్లు కూడా ఇనుపవి కాదు. లోహపు తాడు పొడవు బ్యాండుకు దగ్గరగా ఉంటే అది కూడా రిఫ్లెక్టరులా ప్రవర్తించి దిశను పాడుచేస్తుంది.

దిక్కు పెట్టడానికి దిక్సూచిని నమ్మలేదు. అది చూపేది అయస్కాంత ఉత్తరం, చుట్టూ ఉన్న ఇనుము దాన్ని ఇంకా తిప్పుతుంది. ఎండలో నిలువుగా పాతిన కర్ర నీడను ఆ చోటి సౌర మధ్యాహ్న సమయానికి గీత గీస్తే అసలు ఉత్తర దక్షిణాలు దొరుకుతాయి. ఆ గీతకు బీమ్‌ను సరిచేసి రోటేటర్ (బీమ్‌ను తిప్పే మోటారు) పెట్టెలో ముల్లును కలిపాం. హెక్స్ బీమ్ ముఖం చాలా వెడల్పుగా ఉంటుంది కాబట్టి అయిదు డిగ్రీల తేడా వినికిడిలో తెలియదు. కానీ వెనక, పక్క దిశల కొలతలు రాసుకోవాలంటే సున్నా ఎక్కడుందో గట్టిగా తెలియాలి. స్తంభం అడుగున భూమికి రాగి కడ్డీ, కేబుల్ లోపలికి వచ్చే చోట మెరుపు అరెస్టర్, రెండింటినీ కలుపుతూ లావు తీగ. ఉరుము వినబడితే మాత్రం ఇవన్నీ ఉన్నా కేబుల్ ఊడదీసి బయట పెట్టేస్తాను.

ఇక కొలతలు.

ఎస్‌డబ్ల్యూఆర్ అనుకున్నట్టే వచ్చింది. 20 మీటర్లలో 14.1 దగ్గర 1.3, పై అంచున 1.8. 17, 12 చిన్న బ్యాండ్లు కాబట్టి మొత్తం 1.5 లోపే. 15 మీటర్లూ సుఖంగానే ఉంది. 10 మీటర్లలో 29 మెగాహెర్ట్జ్ దాటాక 2 పైకి పోయింది. చాలామంది కొత్త యాంటెన్నా గురించి ఈ అంకెలు చెప్పి ఆగిపోతారు. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఎస్‌డబ్ల్యూఆర్ అనేది ట్రాన్స్‌మీటర్‌కు కేబుల్ నచ్చిందా లేదా అని చెప్పే అంకె. యాంటెన్నా ఎంత బాగా వెదజల్లుతోందో అది చెప్పదు. యాభై ఓముల డమ్మీ లోడ్‌కు (శక్తిని వెదజల్లకుండా వేడిగా మార్చే రెసిస్టరుకు) ఎస్‌డబ్ల్యూఆర్ ఒకటికి ఒకటి ఉంటుంది, దాంతో ఎవరితోనైనా మాట్లాడగలమా? కేబుల్ నష్టం మూడు డెసిబెల్స్ ఉంటే పైన యాంటెన్నా తెగిపోయి ఉన్నా కింద మీటరు 3 దాటి చూపించదు. అంచేత మంచి ఎస్‌డబ్ల్యూఆర్ చూసి నేను చేసిన పని ఒక్కటే, ఆ గ్రాఫులు దాచుకోవడం. అవి ముందు ముందు పనికొస్తాయి.

అసలు పరీక్ష కోసం మొదట వాడినవి అంతర్జాతీయ బీకన్లు, అంటే ఎప్పుడూ ఒకే పద్ధతిలో సిగ్నల్ పంపే స్టేషన్లు. నార్తర్న్ కాలిఫోర్నియా డీఎక్స్ ఫౌండేషన్, ఐఏఆర్‌యూ (హ్యామ్‌ల అంతర్జాతీయ సంఘం) కలిసి నడిపే ఈ ఏర్పాటులో ప్రపంచమంతటా 18 స్టేషన్ల స్థానాలున్నాయి. 14.100, 18.110, 21.150, 24.930, 28.200 మెగాహెర్ట్జ్‌ల మీద ఒకదాని తర్వాత ఒకటి పది సెకన్ల చొప్పున పలుకుతాయి. మూడు నిమిషాలకు చుట్టు పూర్తవుతుంది. సరిగ్గా నా అయిదు బ్యాండ్లే. ఇందులో నాకు ఎంతో నచ్చిన అంశం ఒకటుంది. ప్రతి బీకనూ కాల్‌సైన్ పంపాక నాలుగు పొడవాటి డాష్‌లు పంపుతుంది: మొదటిది 100 వాట్లతో, రెండోది 10, మూడోది 1, నాలుగోది పదో వంతు వాటుతో. అంటే మెట్టుకు పది డెసిబెల్స్. ఎస్-మీటరును (రేడియోలో సిగ్నల్ బలం చూపే మీటరును) నమ్మక్కర్లేదు, మన చెవే కొలబద్ద అవుతుంది. డైపోల్ మీద రెండో డాష్ వరకే వినబడి, బీమ్ మీద మూడోది కూడా స్పష్టంగా వినబడితే ఆ దారిలో మనకు దాదాపు పది డెసిబెల్స్ మేలు జరిగినట్టే. అంత ఓపికగా కొలబద్దను తయారుచేసి ప్రపంచానికి ఉచితంగా ఇచ్చిన ఆ వాలంటీర్లకు నేను చాలా రుణపడి ఉన్నాను.

ఒక్క చుట్టుతో ఏమీ తేలదు. ఫేడింగ్ (దారిలో సిగ్నల్ బలం మారుతూ ఉండడం) పది సెకన్లలోనే సిగ్నల్‌ను పదిహేను డెసిబెల్స్ పైకీ కిందికీ ఊపగలదు. ఒకే బీకన్‌ను ఒక చుట్టు డైపోల్ మీద, ఒక చుట్టు బీమ్ మీద మార్చి మార్చి విని, వేరువేరు వేళల్లో రాసుకుంటూ పోయాను. కాగితాలు నిండాకే సరళి కనిపించింది. దూరపు బీకన్ల మీద 10, 12, 15 మీటర్లలో బీమ్ ఒక మెట్టు కన్నా కాస్త తక్కువ మేలు చూపించింది. 20 మీటర్లలో అర మెట్టు. దగ్గరి బీకన్ మీద, సిగ్నల్ బాగా ఎత్తు కోణం నుంచి దిగే వేళల్లో రెండూ సమానం, కొన్నిసార్లు డైపోలే మెరుగు. ఎత్తు లెక్క ముందే చెప్పిన విషయం ఇక్కడ చెవికి వినబడింది.

కానీ నాకు ఒక అనుమానం మిగిలింది. రెండు ఎలిమెంట్ల యాంటెన్నా డైపోల్ మీద ఇవ్వగల లాభం నాలుగు డెసిబెల్స్ చుట్టూ ఉండాలి. మరి 10 మీటర్లలో ఎనిమిది దాకా మేలు ఎక్కడిది? దీన్ని తేల్చడానికి రిసీవర్ దారిలో స్టెప్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తెలిసిన మెట్లలో తగ్గించే పెట్టె) పెట్టాను. పద్ధతి ఇది: డైపోల్ మీద ఒక నిలకడైన సిగ్నల్ మీటరులో ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి, బీమ్‌కు మార్చాలి, మీటరు అదే గీతకు దిగేదాకా అటెన్యుయేటర్ పెంచాలి. అటెన్యుయేటర్ మీద ఉన్న అంకే జవాబు. ఎస్-యూనిట్‌కు (ఎస్-మీటరులో ఒక గీతకు) ఆరు డెసిబెల్స్ ఉండాలని ప్రమాణం ఉన్నా, చాలా రేడియోల్లో ఎస్9 కింద అది మూడు నాలుగే ఉంటుంది. ఈ పద్ధతిలో ఆ గొడవ ఉండదు. ట్రాన్స్‌మిట్ మాత్రం నొక్కకూడదు, అటెన్యుయేటర్ కాలిపోతుంది. మైక్ తీసి పక్కన పెట్టి కూర్చున్నాను.

ఇలా చూస్తే సిగ్నల్ పెరిగింది నాలుగైదు డెసిబెల్సే. మిగిలిన మేలంతా నాయిస్ తగ్గడం వల్ల వచ్చింది. సిగ్నల్ లేని చోట రెండు యాంటెన్నాల నాయిస్‌ను ఇదే పద్ధతిలో పోలిస్తే, కొన్ని దిక్కులకు తిప్పినప్పుడు బీమ్ మీద నాయిస్ మూడు నాలుగు డెసిబెల్స్ తక్కువ. ఒక దిక్కుకు తిప్పితే మాత్రం ఎక్కువ. ఆ దిక్కున ఏదో స్విచింగ్ సప్లై (చార్జర్లలో ఉండేలాంటిది) ఉందన్నమాట. డైపోల్ అన్ని వైపుల చెత్తనూ సమానంగా మోసుకొచ్చేది. ఇంతకాలం బ్యాండులో ఎవరూ లేరనుకుని రేడియో కట్టేసిన రాత్రుల్లో, నిజానికి వాళ్లు పిలుస్తూనే ఉండి ఉంటారు. బీమ్ గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే. అది ఎంత గట్టిగా పంపుతుందన్నది రెండో మాట. ఏమేం వినకుండా వదిలేస్తుందన్నదే మొదటి మాట.

ముందు వెనకల తేడా కోసం కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో హ్యామ్ సాయం అడిగాను. ఆయన తక్కువ పవరుతో నిలకడగా క్యారియర్ (మాట లేని ఒట్టి సిగ్నల్) ఇస్తుంటే, నేను బీమ్‌ను పదిహేను డిగ్రీల చొప్పున చుట్టూ తిప్పి ప్రతిచోటా అటెన్యుయేటర్ అంకె రాసుకున్నాను. అయనోస్ఫియర్ ప్రమేయం లేదు కాబట్టి ఫేడింగ్ లేదు. 20 మీటర్ల బ్యాండు మధ్యలో ముందుకీ వెనక్కీ ఇరవై డెసిబెల్స్ దాకా తేడా, అంచులకు పోయేకొద్దీ పన్నెండు. 10 మీటర్లలోనూ దాదాపు ఇంతే. గ్రాఫు గుండ్రంగా రాలేదు, ఒక పక్క ఉబ్బింది. ఏదో కట్టడం నుంచి తిరిగొచ్చే సిగ్నల్ కావచ్చనుకుని, మరో దిక్కున ఉన్న ఇంకో స్నేహితుడితో మళ్లీ చేస్తే ఆ ఉబ్బు మాయమైంది. యాంటెన్నాలో లోపమైతే ఉబ్బు బీమ్‌తోపాటే తిరిగేది.

అయితే నేల వెంట వచ్చే సిగ్నల్‌తో కొలిచిన ఇరవై డెసిబెల్స్, ఆకాశం నుంచి దిగే సిగ్నల్‌కు అలాగే వర్తించదు. వెనక వైపు ఎత్తు కోణాల్లో బీమ్ అంతగా మూసుకోదు. వెనకనుంచి వచ్చే దగ్గరి స్టేషన్లు పది పన్నెండు డెసిబెల్సే తగ్గేవి, దూరపువి ఇరవై దాటి తగ్గేవి. ఇది లోపం కాదు, ఆ ఎత్తులో ఉన్న ఏ బీమ్ స్వభావమైనా ఇంతే.

పంపే వైపు పరీక్షకు విస్పర్ వాడాను. భౌతికశాస్త్రంలో 1993 నోబెల్ అందుకున్న జో టేలర్ 2008లో తెచ్చిన పద్ధతి ఇది. రెండు నిమిషాలకొకసారి కొద్దిపాటి పవరుతో కాల్‌సైన్, ప్రాంతం, పవరు పంపితే, ప్రపంచంలో ఎవరెవరికి ఎంత సిగ్నల్-నాయిస్ నిష్పత్తితో అందిందో నెట్‌లో నమోదవుతుంది. ఒక వంతు డైపోల్, ఒక వంతు బీమ్, రెండు మూడు గంటలు వదలకుండా. తర్వాత రెండిటినీ విన్న స్టేషన్లను మాత్రమే తీసుకుని తేడాల మధ్యస్థ విలువ చూశాను. సగటు తీసుకుంటే ఒకటి రెండు విపరీతపు అంకెలే ఫలితాన్ని లాగేస్తాయి. బీమ్ ఎదురుగా ఉన్న దూరపు స్టేషన్ల దగ్గర తేడా అయిదు డెసిబెల్స్. అటెన్యుయేటర్ చెప్పినదానికి ఇది సరిపోయింది. ఇక్కడ నా నాయిస్ లెక్కలోకి రాదు, వినేది వాళ్లు కదా. రెండు వేర్వేరు పద్ధతులు ఒకే అంకె దగ్గరికి రావడం చూసినప్పుడు కలిగిన ఆనందం మాటల్లో పెట్టలేను.

డైపోల్‌తో పోల్చేటప్పుడు పాటించిన నియమం ఒకటి చెప్పాలి. డైపోల్‌కూ దిశ ఉంటుంది, తీగకు అడ్డంగా బలం, కొసల వైపు బలహీనం. కొసల వైపున్న దేశంతో పోల్చి బీమ్ పదిహేను డెసిబెల్స్ మేలని చెప్పుకుంటే అది అబద్ధం కాకపోయినా న్యాయం కాదు. పైన ఇచ్చిన అంకెలన్నీ డైపోల్‌కు కూడా అనుకూలమైన దిక్కులవే. పాత డైపోల్ 20 మీటర్లదే కాబట్టి మిగతా బ్యాండ్లకు దాని పక్కనే తాత్కాలికంగా వేరు డైపోల్ తీగలు వేలాడదీసి పోల్చాను.

వర్షంలో తీగలు తడిసినప్పుడు రెజొనెన్స్ కొద్దిగా కిందికి జారింది, ఎండగానే తిరిగి వచ్చింది. పెద్ద గాలి వీచినప్పుడు గొట్టాలు ఊగాయి, కానీ మధ్య స్తంభం కదల్లేదు. ఆ గాలి తర్వాత ఎస్‌డబ్ల్యూఆర్ గ్రాఫు మళ్లీ తీసి, మొదటి రోజు దాచినదాని మీద పెట్టి చూశాను. నాలుగు బ్యాండ్లలో గీత మీద గీత పడింది. 12 మీటర్లలో మాత్రం లోయ అంచుకు జరిగి, అడుగు కాస్త పైకి లేచింది. బైనాక్యులర్‌తో చూస్తే ఒక పక్క కొస తాడు క్లాంపులోంచి రెండు వేళ్ల మందం జారి ఉంది. బీమ్‌ను దించి ఆ క్లాంపు బిగించి, మిగతా తొమ్మిదింటినీ అప్పుడే పరీక్షించాం. పనిలో పనిగా రోటేటర్ బోల్టులకు మరో వాషరు వేశాం. ఇప్పుడు ప్రతి పెద్ద గాలి తర్వాతా అయిదు బ్యాండ్ల గ్రాఫులూ తీసి తేదీ వేసి పెట్టుకుంటున్నాను, వెనక వైపు అణచివేతను కూడా అదే స్నేహితుడి క్యారియర్‌తో ఒకసారి సరిచూస్తున్నాను.